ఉడకని రాయి

బంగాళాఖాతం అడుగున తొమ్మిదో నంబరు బ్లాకులో చమురు ఇంకా తయారు కాలేదు కాబట్టి, చీఫ్ జియాలజిస్టు పిన్నింటి గౌరీశంకరం పదవీ విరమణను కంపెనీ నలభై లక్షల సంవత్సరాలు వాయిదా వేసింది. ఉత్తర్వు శుక్రవారం భోజనాల వేళకు అందింది. ఆయన దాన్ని చదివి, మడిచి జేబులో పెట్టుకుని, క్యాంటీన్‌కు వెళ్లి పెరుగన్నం తిన్నాడు. ఎదురుగా కూర్చున్న అకౌంట్సు ఆయన "ఎన్నాళ్లు వేశారండి?" అని అడిగి, సంఖ్య విని, "మరీ ఎక్కువేం కాదు లెండి" అంటూ పులుసు వడ్డించుకున్నాడు.

ఆ అంతర్జాతీయ కంపెనీలో నియమం ఒకటుంది. ఫలానా చోట చమురుందని ఎవరు చూపిస్తారో, అక్కడి నుంచి మొదటి చుక్క పైకి వచ్చేదాకా వాళ్లు ఉద్యోగంలోనే ఉండాలి. సముద్రం మీద వేలు పెట్టి చూపించి, తర్వాత పింఛను పుచ్చుకుని చల్లగా జారుకునేవాళ్లు ఎక్కువయ్యాక పెట్టిన నియమం అది. అందులో అన్యాయం ఏమీ లేదని గౌరీశంకరమే చాలామందికి నచ్చజెప్పాడు.

తొమ్మిదో బ్లాకును చూపించింది ఆయనే. పొరలు పల్చగా ఒకదాని మీద ఒకటి ఉన్నాయని ఆ చోటికి 'పూతరేకు' అని పేరు కూడా పెట్టారు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు గానీ, చమురు వెతికేవాళ్లకు అది సామెత కాదు, ఆఫీసు పద్ధతి. పేరు పెట్టనిదే డబ్బు మంజూరు కాదు. గౌరీశంకరం తన రిపోర్టులో ఉన్నదున్నట్టు రాశాడు. చమురు నిలవడానికి రాయి ఉంది, పైన మూత ఉంది, అన్నీ బాగున్నాయి. కింద చమురును పుట్టించవలసిన నల్లరాయి మాత్రం ఇంకా ఉడకలేదు. భూమి లోపలి వేడికి అది ఉడికి చమురు కారాలంటే మరో నలభై లక్షల ఏళ్లు పడుతుంది. కంపెనీ మొదటి సగం చదివి వాటాదారులకు ప్రకటించింది. రెండో సగం చదివి ఆయన సర్వీసు పొడిగించింది.

ఆయన ముప్పై నాలుగేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాడు. విశాఖపట్నంలో చదువైన ఏడాదే లిబియా ఎడారికి వెళ్లాడు. తర్వాత ఉత్తర సముద్రం, అంగోలా, సఖాలిన్, చివరికి కాకినాడ. బావిలోంచి పైకొచ్చిన రాతిముక్కను ముందు పళ్ల మధ్య పెట్టి కొరికి చూడటం ఆ వృత్తివాళ్ల అలవాటు. గరగరలాడితే అందులో ఇసుక ఉన్నట్టు, వెన్నలా జారితే మేలైన బంకమన్ను ఉన్నట్టు. యంత్రాలు ఎన్ని వచ్చినా గౌరీశంకరం ఆ అలవాటు మానలేదు. ఆయన కుడి దవడ పన్ను లిబియాలో అరిగింది. ముందు పన్ను సఖాలిన్‌లో విరిగింది. ఇన్ని దేశాల రాళ్లు కొరికినవాడు ఒక్క రాయి గురించి కూడా అబద్ధం రాయలేదు.

భార్య కనకం ఆయన వెంట అన్ని దేశాలూ తిరిగింది. భీమిలిలో సముద్రం కనిపించేట్టు వాళ్లొక ఇల్లు కట్టుకున్నారు. కట్టి తొమ్మిదేళ్లయినా ఆ ఇంట్లో ఇంతవరకూ పాలు పొంగించలేదు. ముహూర్తం పెట్టినప్పుడల్లా ఏదో ఒక బావి అడ్డొచ్చేది. "ఈ బావి అయిపోగానే" అనేవాడు గౌరీశంకరం. గృహప్రవేశం కోసం కొన్న ఇత్తడి గిన్నె అట్టపెట్టె విప్పకుండానే మూడు దేశాలు చూసింది.

ఆ సాయంత్రం ఆయన ఉత్తర్వును కనకం చేతికిచ్చాడు. ఆమె కళ్లజోడు పెట్టుకుని నెమ్మదిగా చదివింది.

"నలభై లచ్చల ఏళ్లంటే ఎంతండీ?"

"మా లెక్కలో కొంచెమే."

"మీ లెక్క కాదు, నా లెక్కలో చెప్పండి."

గౌరీశంకరం వేళ్లు మడుస్తూ లెక్క మొదలుపెట్టాడు.

"ఉడికిపోయిందని రాసీండి. ఏటైపోద్ది?" అంది కనకం.

"పచ్చిగా ఉంది కనకం. కొరికి చూశాను."

"పచ్చో పండో నేను చూశానా? ముప్పై నాలుగేళ్లు మీ ఎనకాల తిరగలేదా? పాలు పొంగించాలంటే ఇద్దరం ఉండాల. నేనొక్కర్తినీ పొంగిస్తే ఆ ఇల్లు ఊరుకుంటాదా?"

ఆమె కళ్లలో నీళ్లు తిరగడం ఆయన చూశాడు. ఆ ఇంట్లో కనకంతో కలిసి పాలు పొంగించి తీరాలని, అది కూడా అబద్ధం రాయకుండానే చేయాలని అప్పటికప్పుడు గట్టిగా నిర్ణయించుకున్నాడు.

సోమవారం ఆయన హెచ్.ఆర్. మేనేజరు శ్రీవాణి దగ్గరకు వెళ్లాడు. కాకినాడ అమ్మాయి, మర్యాద తెలిసిన మనిషి. కుర్చీ వేసి, కాఫీ తెప్పించి, నియమాలు వివరించింది. ఇంక్రిమెంట్లు మొదటి లక్ష సంవత్సరాల దాకానే ఉంటాయి. మిగిలిపోయిన సెలవులు తర్వాతి మంచుయుగంలోకి బదిలీ కావు. కుటుంబ సభ్యులకు వైద్య సదుపాయం యథాప్రకారం కొనసాగుతుంది.

"మధ్యలో నేను పోతే?" అని అడిగాడు గౌరీశంకరం.

"పోవడం జీతం లేని సెలవు కిందకొస్తుందండి. ముందుగా చెప్పి పోతే మంచిదండి."

"పైకి రాసుకోవచ్చా?"

"రాసుకోవచ్చండి. ఎందుకు రాసుకోకూడదండి? కానీ చమురెక్కడుందో చూపించింది మీరే కదండి. మీరే చూపించి, మీరే వద్దంటే ఎలాగండి?"

న్యాయమైన మాట అని ఆయన ఒప్పుకున్నాడు.

తర్వాత డైరెక్టరు చక్రపాణిని కలిస్తే, ఆయన తలుపు వేసి మరీ దగ్గరగా కూర్చున్నాడు. "ఉడికిందని ఒక్క ముక్క రాయండి. తవ్వుతాం. చుక్క రాదు. బావి పూడ్చేస్తాం, దాంతో మీ గడువూ తీరిపోతుంది. తవ్విన బావులన్నింట్లోనూ చమురు పడుతుందా ఏమిటి? ఎవరూ ఏమీ అనుకోరు. మీరు ఇంటికెళ్లిపోండి."

గౌరీశంకరం జేబులోంచి తొమ్మిదో బ్లాకు రాతిముక్క తీసి మరోసారి కొరికాడు. "ఇంకా పచ్చిదేనండి. నేను రాయను."

"అయితే మరో దారుంది," అన్నాడు డైరెక్టరు విసుగ్గా. "ఇంతకంటే త్వరగా ఉడికేది ఇంకొకటి చూపించండి. పాతది రద్దు చేసి, కొత్తదాని గడువే మీకు వేస్తాం."

ఆ మాటతో గౌరీశంకరానికి ఎక్కడలేని ఓపిక వచ్చింది. పాత రాతి నమూనాల పెట్టెలన్నీ విప్పి, అరిగిన పళ్లతోనే కొరకడం మొదలుపెట్టాడు. గోదావరి పాయల బురద కొరికాడు, ముప్పై లక్షల ఏళ్లు, అదీ ఎక్కువే. తీరం అవతలి లోతునీళ్ల రాయి కొరికాడు, యాభై లక్షలు. పెనం మీంచి పొయ్యిలో పడటమే అవుతుందని దాన్ని పక్కన పెట్టేశాడు. ప్రతి సాయంత్రం కనకం గుమ్మంలో నిలబడి "ఏటన్నా దొరికిందా?" అని అడిగేది. చిగుళ్లు వాచి మాట పెగలక ఆయన తల అడ్డంగా ఊపేవాడు. ఆమె ఉప్పునీళ్లు కాచి ఇచ్చేది.

వెతకవలసిన చోట్లన్నీ అయిపోయాక ఆయన సలహా కోసం మూడో అంతస్తుకు వెళ్లాడు. సర్వీసు పొడిగించినవాళ్లంతా కూర్చునేది అక్కడే. అందరిలోకీ పెద్ద ఈదర రామభద్రం. తాను చూపించిన బొగ్గు గ్యాసుగా మారడానికి ఎదురుచూస్తూ ఉన్నాడు. ఆయన ముందొచ్చాడు, ఆయన చుట్టూ భవనం తర్వాత కట్టారు.

"మొదటి పదివేల ఏళ్లే కష్టం నాయనా," అన్నాడు రామభద్రం. "తర్వాత అలవాటైపోతుంది. రిటైరై మాత్రం ఏం చేస్తాం?"

ఆ మాట అంటూ ఆయన బల్ల మీద మోచెయ్యి ఆనించాడు. మోచెయ్యి దగ్గర పల్చటి పెచ్చు ఒకటి ఊడి పడింది. గౌరీశంకరం తనకు తెలియకుండానే దాన్ని తీసి పళ్ల మధ్య పెట్టుకున్నాడు. ఒక్క రేణువైనా గరగరలాడలేదు. వెన్నలా జారింది.

"క్షమించండి. అలవాటు."

"దానికేముంది? కుర్రతనంలో నేనూ కొరికి చూసుకున్నాను. అప్పట్లో ఇంత మెత్తగా లేను."

గౌరీశంకరం ఆ హాలంతా కలయజూశాడు. చమురు పుట్టడానికి కావలసినవి ఆయనకు కంఠతా వచ్చు. ప్రాణం ఉన్నవి నెమ్మదిగా అడుగుకు చేరాలి. అక్కడ గాలి ఆడకూడదు. పైనుంచి బరువు పడుతూ ఉండాలి. వేడి ఉండాలి. మూడో అంతస్తులో ఒక్క కిటికీ తప్ప మిగిలినవన్నీ ఎప్పుడో బిగుసుకుపోయాయి. ఏసీ పనిచేయదు. పైన నాలుగో అంతస్తు నిండా ఫైళ్లు ఉన్నాయి, ప్రతి సంవత్సరం ఇంకొన్ని వచ్చి పడుతున్నాయి. కింద కూర్చున్నవాళ్లెవరూ కదలడం లేదు. ఇన్ని దేశాలు తిరిగి వెతికినవాడికి ఇంత చక్కటి నిక్షేపం ఎక్కడా కనబడలేదు.

ఆయన నమూనాలు తీసి ల్యాబుకు పంపాడు. ఫలితాలు ఆయన పళ్లు చెప్పినట్టే వచ్చాయి. రెండు లక్షల సంవత్సరాలు చాలు. రిపోర్టులో మూత, పొర, లోతు, అన్నీ నిజమే రాశాడు. పొర ఇంకా చేరుతూనే ఉందని కూడా రాశాడు. డైరెక్టరు చదివి లేచి నిలబడి చెయ్యి కలిపాడు. సముద్రంలోకి వెళ్లే ఖర్చు లేదు, లిఫ్టులో వెళ్లవచ్చు. మూడో అంతస్తువాళ్లను కూడా పిలిచి అభిప్రాయం అడిగారు. కొత్త పని ఏమైనా చేయాలా అని ఒకరు అడిగారు. ఇప్పుడు చేస్తున్నట్టే కూర్చుంటే సరిపోతుందని చెప్పాక అందరూ చేతులెత్తారు.

"ముప్పై ఎనిమిది లక్షలు కలిసొచ్చాయండి," అంది శ్రీవాణి కొత్త ఉత్తర్వు అందిస్తూ. "స్వీట్లు పెట్టాలండి మీరు." చూపించినవాళ్లు చూపించిన చోటే ఉండాలి కాబట్టి ఆయన కుర్చీ మూడో అంతస్తులో రామభద్రం పక్కన వేయించింది. కుటుంబ సభ్యురాలికి మరో కుర్చీ.

కనకం ఆ ఉత్తర్వు రెండుసార్లు చదివింది. "గుడ్డి కంటే మెల్ల నయం," అంది. మర్నాడు అట్టపెట్టె చంకన పెట్టుకుని ఆఫీసుకు వచ్చింది.

చమురు కంపెనీలో నిప్పు వెలిగించాలంటే అనుమతి కావాలి. శ్రీవాణి దాన్ని అరగంటలో ఇప్పించింది. రామభద్రం బల్ల పక్కన స్టవ్ పెట్టారు. భార్యాభర్తలిద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. ఇత్తడి గిన్నెలో పాలు నురగ కట్టి అంచు దాటి తూర్పు వైపు పొంగాయి. శుభమని అందరూ అన్నారు. గౌరీశంకరానికి భీమిలి ఇల్లు, తాళం వేసిన తలుపు, తలుపు అవతల సముద్రం గుర్తొచ్చాయి. ఏడుపొచ్చింది. ఏడ్చాడు. పొగ పోయేదాకా ఆగి, మెయింటెనెన్స్ వాళ్లు చివరి కిటికీని కూడా స్క్రూలతో బిగించేశారు.

"ఈ బావి అయిపోగానే వెళ్లిపోదాం కనకం," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

"ఈ బావి ఎవరిదండీ?"

"మనదే. మనమే."

కనకం తల ఊపింది. ఆయన తన చిటికెనవేలి గోరు కొరికి చూసుకున్నాడు. ఇంకా గరగరలాడింది. "నేనింకా పచ్చే," అన్నాడు చిన్నబోయిన మొహంతో.

"కుదురుగా కూకోండి. అదే ఉడుకుతాది," అంది కనకం. కిటికీ బిగించిన వాళ్లకు తలో గ్లాసు పాలు ఇచ్చి, వచ్చి ఆయన పక్క కుర్చీలో కూర్చుంది.