మూడు ఫ్రేముల చిటికెన వేలు

మార్చి పదకొండున ఉదయం పదీ ఇరవైకి స్క్రీన్ రికార్డింగులో మూడు ఫ్రేములు జారిపోవడంతో, జిల్లా నకళ్ల కార్యాలయంలో డేటా ఎంట్రీ ఆపరేటరుగా ఉన్న ఎలగందుల విమలకు ఎడమచేతి చిటికెన వేలు లేకుండా పోయింది. రక్తం రాలేదు. నొప్పి లేదు. వేలు ఉండాల్సిన చోట చర్మం మూసుకుని ఉంది. విమల బల్ల కింద వెతికింది. కీబోర్డును తిరగేసి దులిపింది. ఆ తర్వాత ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని పక్క సీటులోని రాజమణిని పిలిచింది.

"అక్కా, నా ఏలు సూడు."

"ఏ ఏలు?"

"ఏది లేదో అది."

రాజమణి లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. "అయ్యో, సేవ్ కొట్టినవా లేదా?" అంది.

ఆ కార్యాలయంలో ప్రతి ఉద్యోగి కంప్యూటర్ తెరనూ, తెర మూలన చేతులను చూపే కెమెరా బొమ్మనూ కలిపి రోజంతా రికార్డు చేస్తారు. నిరుడు జూన్ వరకు సెకనుకు ముప్ఫై బొమ్మలు, అంటే ముప్ఫై ఫ్రేములు, తీసేవారు. రెండు బొమ్మల మధ్య ఉద్యోగి ఏం చేస్తున్నాడో తెలియడం లేదని సర్క్యులర్ వచ్చింది. జులై నుంచి నూట ఇరవై తీస్తున్నారు. రికార్డులో లేనిది లేనట్టేనన్నది ఏడో నిబంధన. ఫిబ్రవరిలో ఈ నిబంధన కింద ఒక టీ గ్లాసు, ఫ్యాను రెక్క ఒకటి, అకౌంటెంటు సంతకంలో చివరి అక్షరం పోయాయి. వేలు పోవడం ఇదే మొదలు. ఆ మూడు ఫ్రేముల్లో కదిలింది చిటికెన వేలు ఒక్కటే. మిగతా తొమ్మిదీ కదల్లేదు గనక వాటికి పాత ఫ్రేమే సరిపోయింది.

విమల పదకొండేళ్లుగా కాంట్రాక్టు ఉద్యోగి. ఆమెను పర్మనెంటు చేస్తూ మార్చి నాలుగున ఉత్తర్వు వచ్చింది. ముప్ఫై ఒకటిలోగా సర్వీసు రిజిస్టరు తెరవకపోతే ఉత్తర్వు రద్దవుతుంది. ఆ రిజిస్టరు మొదటి పేజీలో ఎడమచేతి ఐదు వేళ్ల ముద్రలకు ఐదు గడులుంటాయి.

"గడి ఖాళీ పెట్టొద్దమ్మా" అన్నాడు సూపరింటెండెంట్ నరహరి.

"పుట్టుకతోనే ఏలు లేనోళ్లకు ఎట్ల సార్?"

"వాళ్లకు మెడికల్ బోర్డు సర్టిఫికెట్ ఇస్తది. నీది మెడికల్ కాదు గద, టెక్నికల్."

ఆమె చేత ఫ్రేము నష్టం ఫారం నింపించాడు. 'పోయిన వస్తువు' అన్నచోట విమల 'వేలు' అని రాసింది. 'వస్తువు అసలు ధర' అన్నచోట గీత పెట్టింది.

పదమూడున హైదరాబాదు నుంచి రికార్డింగ్ కంపెనీ ఇంజనీరు సాకేత్ వచ్చాడు. ఫారంలో వేలు అన్నది రాతలో తప్పు అనుకున్నాడు. విమల చెయ్యి చూపించింది. అతను మెట్ల మీద కూర్చుండిపోయాడు.

"మేడమ్, ఇది... మీరు పోలీసులకు చెప్పలేదా?"

"ఏమని జెప్పాలె?" అంది విమల. "పోయినట్టు రికార్డుల లేదు గద."

సాకేత్ రెండు గంటలు పరీక్షించాడు. బొమ్మలను కుదించి ఫైలుగా మార్చే చిప్పును ఎన్‌కోడర్ అంటారు. అందరూ దానిదే తప్పనుకున్నారు. అది తన శక్తిలో ఇరవై ఎనిమిది శాతమే పని చేస్తోంది, మిగతా సమయం ఊరికే ఉంటోంది. అసలు అడ్డంకి బొమ్మలు వచ్చే దారిలో ఉంది. ప్రతి బొమ్మా ముందు పై అంతస్తులో జాయింట్ డైరెక్టర్ గది తెర మీద కనిపించి, తిరిగి కిందికి ఎన్‌కోడర్‌కు రావాలి. ఆ దారిలో సెకనుకు తొంభై బొమ్మలే పడతాయి. జాయింట్ డైరెక్టర్ నవంబరులో డిప్యుటేషన్ మీద వెళ్లారు. గదికి తాళం ఉంది. లోపల తెర నడుస్తోంది.

"ఆ తెర ఆపేస్తే చాలు సార్. ఎవరూ చూడట్లేదు కూడా" అన్నాడు సాకేత్.

"బంద్ జేసినట్టు రికార్డు ఉండాలె" అన్నాడు నరహరి. "రికార్డు కావాల్నంటే ఆ తెర నడుస్తుండాలె. ఇగ నువ్వే జెప్పు."

కొత్త ఎన్‌కోడర్‌కు మాత్రం మంజూరు ఉంది. పదిహేడున అది వచ్చింది. దాని మీద భారం పద్నాలుగు శాతానికి తగ్గింది. ఫ్రేములు మునుపటిలాగే జారిపోయాయి. సామర్థ్యం రెట్టింపయిందని నివేదిక వెళ్లింది. విమల సీటులో నష్టం తగ్గిందని కూడా అందులో ఉంది. తొమ్మిది వేళ్లతో ఆమె టైపింగు నెమ్మదించింది, అందువల్ల ఫ్రేములు నిలుస్తున్నాయి.

ఇరవై నాలుగున సాకేత్ మరో ఉపాయంతో వచ్చాడు. జారిపోయిన బొమ్మను దాని ముందు బొమ్మ, వెనక బొమ్మల సగటుతో పూరించే సాఫ్ట్‌వేరు అది. పదకొండూ ఐదుకు నడిపించాడు. వేలు వచ్చింది. కానీ ముందు బొమ్మలో వేలుంది, వెనక బొమ్మలో లేదు. సగటున సగం ఉంది. పొడవు సరిపోయింది, గోరు కూడా ఉంది. వేలు వెనకనున్న కీ మీది అక్షరం మాత్రం వేలులోంచి చదవడానికి వీలుగా ఉంది. సిరాలో అద్దితే ముద్రలో గీత విడిచి గీత పడింది.

నరహరి భూతద్దంతో చూశాడు. "నాలుగు నిండుగున్నయ్, ఐదోది సగం. ఇవన్నీ ఒక్క మనిషియే అని ఎట్ల నమ్ముతరు?"

"నేను మీ ముందటనే ఉన్న గద సార్."

"నువ్వున్నవమ్మా. పేజీల లేవు."

ఐదు ముద్రలూ ఒకేలా ఉండాలి. సగం వేలును నిండు వేలు చేయడానికి బొమ్మ లేదు. నాలుగు నిండు వేళ్లను సగం చేయడానికి సాఫ్ట్‌వేరు ఉంది. ఈ సంగతి ముందుగా అన్నది విమలే. సాకేత్ కుర్చీలోంచి లేచాడు.

"నేను చెయ్యను మేడమ్. ఒకసారి పోతే మళ్లీ రావు."

"ఎంత సేపు పడ్తది?"

"మేడమ్, మీకు అర్థమవుతోందా?"

"పదకొండేండ్లయింది తమ్మీ" అంది విమల. "ఎంత సేపు పడ్తదో అది జెప్పు."

"నిమిషం" అన్నాడు సాకేత్.

ఇరవై ఎనిమిదిన చేశారు. అరచెయ్యి కదిలితే అదీ పోతుంది గనక, మణికట్టు కింద ఒక లావుపాటి ఫైలు పెట్టి రాజమణి గట్టిగా అదిమి పట్టుకుంది. విమల ఎడమచేతి నాలుగు వేళ్లతో, తాను పదకొండేళ్లలో ఎన్నడూ కొట్టనంత వేగంగా టైపు చేసింది. ఫ్రేములు జారాయి. ఒక్కొక్క వేలూ పోయింది. సాకేత్ గోడ వైపు తిరిగి బటన్ నొక్కాడు. నాలుగూ సగం సగం వచ్చాయి.

ముప్ఫైన సర్వీసు రిజిస్టరు తెరిచారు. ఐదు గడుల్లో ఐదు ముద్రలు, గీత విడిచి గీత. 'ముద్రలు పరస్పరం సరిపోయినవి' అని రాసి నరహరి సంతకం చేశాడు. విమలకు స్వీటు తినిపించాడు.

ఏప్రిల్ ఒకటిన పర్మనెంటు చేయబోయే మరో పద్నాలుగు మంది జాబితాను నోటీసు బోర్డు మీద అంటించారు. ముద్రలు ఇలా ఉండాలని నమూనాగా విమల రిజిస్టరు మొదటి పేజీ నకలును పక్కన పెట్టారు. విమల ఎడమచెయ్యి జాబితా మీద ఆనించి, వేళ్లలోంచి పేర్లు చదివింది. ఆరో పేరు రాజమణిది.

"నొప్పి లేస్తదా?" అని అడిగింది రాజమణి.

"లేదక్కా. బువ్వ తినేది కుడిచెయ్యే గద."

రాజమణి తన ఎడమచేతిని ఒకసారి మూసి తెరిచింది. బీరువాలోంచి లావుపాటి ఫైలొకటి తీసి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఈసారి నువ్వు పట్టుకోవాలె" అంది.

విమల ఆమె ఎడమ మణికట్టును కుడిచేత్తో పట్టుకుంది.