ద్రాక్షజాడీ పర్యవేక్షక సంఘం

పుప్పాలగూడలోని సిలికాన్ శిఖర రెసిడెన్సీ వాసులకు తెలియజేయునది ఏమనగా, బి-బ్లాకు పదకొండో అంతస్తులో కనకలక్ష్మి గారు తయారుచేస్తున్న ద్రాక్ష వైను ఇకపై ఆవిడ సొంత విషయం కాదు. దాని మంచిచెడ్డలు చూసుకోవడానికి పంతొమ్మిది మంది సభ్యులతో ఒక సంఘం ఏర్పడింది.

ఈ ప్రకటన లిఫ్టులో అంటించిన రోజున కనకలక్ష్మి గారు పైకీ కిందికీ రెండుసార్లు తిరిగి చదువుకున్నారు. సంతోషించాలో భయపడాలో తెలియలేదు. చివరికి సంతోషించారు. నలుగురూ కలిసి మేలు చేస్తామంటే కాదనకూడదని ఆవిడ పెంపకం.

ఆవిడ వైను కథ చిన్నది. కాకినాడలో కాపురం ఉన్నప్పుడు పక్క వాటాలో మేరీ టీచరు నేర్పింది. నల్లద్రాక్ష, పంచదార, కాస్త ఈస్టు, గుప్పెడు గోధుమలు, నాలుగు లవంగాలు. మొదటి వారం రోజుకోసారి చెక్క గరిటెతో కలపడం, ఆపైన జాడీ మూతికి గుడ్డ కట్టి, మూత బిగించి, ఇరవయ్యొక్క రోజులు దాని జోలికి పోకుండా ఉండడం. కష్టమంతా ఆ చివరి మాటలోనే ఉంది. పని చేయడం ఎవరికైనా వస్తుంది, చేయకుండా ఊరుకోవడం అందరికీ రాదు. ముప్పై ఏళ్లుగా ఆవిడ ఏటా ఒక జాడీ పెట్టి తెలిసినవాళ్లకు పంచుతున్నారు. భర్త భీమేశ్వరరావు గారు నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు గనుక సమస్త ద్రవపదార్థాల మీదా తనకు అధికారం ఉందనుకుంటారు గానీ, పాపం, జాడీ జోలికి మాత్రం ఎన్నడూ రాలేదు.

ఈమధ్య గేటు పక్కన జిరాక్సు షాపు ఖాళీ అయింది. ఆ షట్టరు కిరాయికి తీసుకుని, లైసెన్సు తెచ్చుకుని, 'కనకలక్ష్మి ద్రాక్ష వైను' అని బోర్డు పెట్టుకోవాలని ఆవిడకు కోరిక పుట్టింది. అరవై రెండేళ్ల జీవితంలో ఆవిడ పేరు అచ్చయింది పెళ్లి శుభలేఖలో ఒకసారి, ఆధార్ కార్డు మీద ఇంకోసారి. ఇంటి తలుపు మీద భర్త పేరూ, ఆయన డిగ్రీయే ఉన్నాయి. అందుకని ఆ బోర్డు ఆవిడకు కలలోకి కూడా వచ్చేది. లైసెన్సుకు దరఖాస్తు పెట్టాలంటే అసోసియేషన్ తమకు అభ్యంతరం లేదని రాసివ్వాలన్నారు. ఆ కాగితం కోసం అధ్యక్షుడు నవీన్ ఇంటికి వెళ్లారు.

నవీన్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులో ప్రోగ్రాం మేనేజరు. పదహారేళ్ల సర్వీసులో ఒక్క పనీ స్వయంగా చేయకుండానే, ఏ పనీ తనకు తెలియకుండా జరగనివ్వని సమర్థుడు.

"ఎన్ఓసీ ఇవ్వడం పెద్ద విషయం కాదు ఆంటీ. కానీ మాకు విజిబిలిటీ కావాలి. లోపల ఏం జరుగుతోందో డైలీ తెలియాలి," అన్నాడు.

"లోపల ఏం జరుగుతుంది నాయనా, పులుస్తుందంతే. మూత తియ్యకుండా ఉంటే చాలు."

"అదే రిస్క్ ఆంటీ. ఇరవయ్యొక్క రోజులు స్టేటస్ లేకపోతే ఎలా?"

కాగితం మీద ఆశతో ఆవిడ సరేనన్నారు. మర్నాడే లిఫ్టులో ఆ ప్రకటన వెలిసింది, జాడీ క్లబ్ హౌస్‌కు తరలింది. రోజూ ఉదయం తొమ్మిదింపావుకు సంఘ సభ్యులు జాడీ చుట్టూ నిలబడి సమీక్ష జరపాలనీ, నిలబడితే సమీక్ష త్వరగా ముగుస్తుందనీ తీర్మానించారు. అది ఏనాడూ గంటకు తక్కువ కాలేదు. మూత తీసేవారు. అందరూ ఒకరి తర్వాత ఒకరు వంగి వాసన చూసేవారు. సెల్‌ఫోను లైటు వేసి అడుగు దాకా పరిశీలించేవారు. ఎవరి చెంచాతో వాళ్లు కలిపి, పురోగతి ఉందని సంతకం పెట్టేవారు. అవుటర్ రింగు రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాళ్లు వీడియోలో చేరి, జాడీని కాస్త కెమెరా వైపు వంచమనేవారు. వంచేవారు.

గోడకు ఒక తెర బిగించారు. దాని మీద పచ్చరంగు వెలుగుతూ ఉండేది. పచ్చ అంటే అంతా సవ్యంగా ఉందని అర్థం. రంగు మార్చాలంటే పదకొండు గడులున్న ఫారం నింపి, తప్పు ఎవరిదో రాయాలి. అందువల్ల అంతా సవ్యంగానే ఉండేది.

ఇలా ఇరవయ్యొక్క రోజులు గడిచాయి. పురోగతి బాగుంది గనుక సమీక్షలు పొడిగించారు. యాభయ్యో రోజున క్లబ్ హౌస్ ఊడ్చే కిష్టమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కనకలక్ష్మి గారి దగ్గరికి వచ్చింది.

"అమ్మా, గిది వైను గాదు, సిర్కా అయింది. ఉల్లిగడ్డల మీద పోసుకొని తింటరు సూడు, గదే."

"నాకు తెలుసే కిష్టమ్మా. చెబితే వినేవాళ్లేరీ?"

"జర గట్టిగ చెప్పరాదు మరి!"

ఆవిడ గట్టిగానే చెప్పారు. మర్నాటి సమీక్షలో అందరి ముందూ, ఇది పాడైపోయిందండీ, పారబోయండి అన్నారు. నవీన్ శ్రద్ధగా విని దాన్ని 'సభ్యురాలి అభిప్రాయం' కింద నమోదు చేశాడు. తెర పచ్చగానే ఉంది.

అయితే కనకలక్ష్మి గారు మరీ అమాయకురాలు కాదు. ఇంట్లో లాఫ్టు మీద, పాత సూట్‌కేసుల వెనక, ఇంకో జాడీ దాచి ఉంచారు. దాన్ని ఎవరూ సమీక్షించలేదు గనుక అది చక్కగా తయారైంది.

మూడు నెలల తర్వాత కాగితం ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి క్లబ్ హౌస్‌లో రుచి సభ పెట్టారు. నిపుణురాలు సి-బ్లాకు రసజ్ఞ. ఆమె నాసిక్‌లో రెండు రోజుల వైను కోర్సు చేసి వచ్చింది. వెళ్లిరావడానికే ఒకటిన్నర రోజు పట్టినా, మిగతా పూటలోనే నేర్వదగినదంతా నేర్చుకుంది. కనకలక్ష్మి గారు పట్టుబట్టి లాఫ్టు మీది జాడీలోదీ తేగా, బల్ల మీద రెండు గాజు కూజాలు పెట్టారు. మొదటి దాని మీద 'క్లబ్ హౌస్: తొంభై ఒక్క సమీక్షలు' అని, రెండో దాని మీద 'ఇల్లు: సమీక్షలు లేవు' అని చీటీలు అంటించారు.

మొదటిది తాగారు. గొంతులు కోసుకుపోయాయి. అందరూ నీళ్లు నిండిన కళ్లతో రసజ్ఞ వైపు చూశారు.

"డ్రై," అంది రసజ్ఞ.

ఆ ఒక్క మాటతో సభకు ఊపిరొచ్చింది. అవును డ్రై, తీపి లేని వైనే గొప్పది అన్నారు. లోతు ఉందన్నారు. ఒకాయన దగ్గు ఆపుకుంటూ, ఇది అర్థం కావాలంటే కాస్త నాలుగు దేశాలు తిరిగి ఉండాలన్నాడు. తిరగని వాళ్లు వెంటనే అర్థం చేసుకున్నారు.

రెండోది తాగారు. తెలియకుండానే మొహాలు విప్పారాయి. ఒకావిడ మళ్లీ పోయమని గ్లాసు చాపి, పక్కవాళ్లెవరూ చాపలేదని చూసి చల్లగా వెనక్కి తీసుకుంది.

"ఇది మరీ ద్రాక్షపళ్ల రుచి వస్తోంది ఆంటీ," అంది రసజ్ఞ జాలిగా. అందరూ నవ్వారు. చేతులెత్తమంటే పంతొమ్మిది చేతులూ మొదటిదానికే లేచాయి. ఓటు లేకపోయినా భీమేశ్వరరావు గారు కూడా ఎత్తారు.

కనకలక్ష్మి గారు లేచి నిలబడ్డారు. "బాబూ, మొదటిది వైను కాదండీ. రోజూ మూత తీసి తీసి వెనిగరు అయిపోయింది. రెండోదే వైను. దానికి ఇప్పించండి కాగితం."

నవీన్ మైకు అందుకున్నాడు. "ఫ్రెండ్స్! గొప్పవాళ్లకు తాము చేసిన గొప్ప పని ఏదో తెలియదు. ఆ హ్యుమిలిటీ ఇది! ఆంటీ గారికి తెలియని విలువను మన కమ్యూనిటీ గుర్తించింది. ఇది ప్రాసెస్ సాధించిన విజయం!"

చప్పట్లు మోగాయి. శాలువా కప్పారు. కనకలక్ష్మి గారికి ఏడుపు ఆగలేదు. మినిట్స్‌లో ఆనందబాష్పాలని రాసుకున్నారు.

అసోసియేషన్ కాగితంతో పాటు మొదటి కూజా సరుకే లైసెన్సు కోసం ఎక్సైజు ఆఫీసుకు వెళ్లింది. అక్కడి అధికారి సీసా మూత తీసి, వాసన చూసి, దూరంగా జరిపాడు. "గిది వెనిగర్ గదమ్మా. దీనికి లైసెన్స్ ఏంది? ఫికర్ లేకుండ అమ్ముకోండ్రి." ఈ మాట తెలిసి, లైసెన్సు నుంచి మినహాయింపు సాధించినందుకు అసోసియేషన్ నవీన్‌కు ధన్యవాదాలు తెలుపుతూ తీర్మానం చేసింది. మత్తే లేని వైను దేశానికి మన కాలనీ కానుక అన్నారు. శనివారం మందు ముట్టనివాళ్లు శనివారమూ, కార్తీకమాసం నిష్ఠగా ఉండేవాళ్లు కార్తీకమాసమూ నిర్భయంగా తాగడం మొదలుపెట్టారు.

షాపు తెరిచారు. బోర్డు మీద 'నైంటీ వన్' అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు. కింద, రోడ్డు ఆవలి నుంచి చూస్తే గీతలా కనిపించే అక్షరాల్లో, 'ఒక ఆంటీ స్ఫూర్తితో' అని ఉంది. పేరు పెడితే మరీ లోకల్‌గా ఉంటుందని రసజ్ఞ సలహా. లాఫ్టు మీది జాడీకి ఏ కాగితమూ రాలేదు. అందులోది ఒక గ్లాసు తాగిన కిష్టమ్మ, మూతి తుడుచుకుని, "మంచిగుందమ్మా, ఇంకింత పొయ్యి," అంది. ఇన్ని నెలల్లో కనకలక్ష్మి గారి మనసు నిండిన మాట అదొక్కటే.

షాపులో కూర్చుని మొదట్లో ఆవిడ వచ్చినవాళ్లందరికీ నిజమే చెప్పేవారు. "ఇది తాగేది కాదు బాబూ, ఉల్లిపాయల మీద చల్లుకునేది," అనేవారు. వాళ్లు ఫోనులో రాసుకుని, ఉల్లిపాయలతో కలిపి తాగాలట అని పదిమందికీ చెప్పారు. దాంతో నానక్‌రామ్‌గూడ నుంచీ కొండాపూర్ నుంచీ కార్లు రావడం మొదలైంది. ఇప్పుడు డబ్బు ముందే కట్టినా, తొంభై ఒక్క సమీక్షలూ పూర్తయి సీసా చేతికి రావడానికి మూడు నెలలు ఆగాలి.

మూడు నెలలు ఆగాలంటున్నారంటే ఏదో ఉండే ఉంటుందిలే, ఒకసారి రుచి చూస్తే పోయేదేముంది అని ఈ పాటికి మీకు అనిపించి ఉంటే మొహమాటపడకండి. సంఘంలో ఇరవయ్యో సభ్యుడి స్థానం ఖాళీగా ఉంది.