ఒక్కరోజు గ్యాప్ మహిమ

పరిశోధకులను పర్మనెంట్ చెయ్యకూడదు. చేస్తే దేశానికి అరిష్టం!

కోప్పడకండి, నిదానంగా ఆలోచించండి. పర్మనెంట్ అయిన మనిషి ఏం చేస్తాడు? ఇల్లు కట్టుకుంటాడు, కుండీల్లో మొక్కలు పెంచుకుంటాడు, మధ్యాహ్నం కాస్త కునుకు తీస్తాడు. కాంట్రాక్టు మనిషికి కునుకు పడుతుందా? రాత్రే పట్టదు! అంతా అశాశ్వతమని పెద్దలు ఏళ్ళ తరబడి పురాణం చెప్పి నేర్పే సంగతిని, మన సంస్థలు ఒక్క అపాయింట్‌మెంట్ ఆర్డరుతో నేర్పేస్తున్నాయి. ఇంతకన్నా ఆధ్యాత్మిక సేవ ఏముంటుంది?

భవానీపురంలో ఉండే డాక్టర్ శాంభవినే చూడండి. సముద్రపు ఉప్పు దివిసీమ బోర్లలోకి ఏ దారిన, ఎంత లోపలికి వస్తోందో కనిపెట్టడం ఆమె పని. అక్కడి రైతులు నారు పోసే ముందు ఆమెకు ఫోన్ చేసి, "అమ్మా, ఈ నీళ్ళు పెట్టొచ్చా?" అని అడిగి మరీ మోటారు వేస్తారు. ఆ ఉప్పును ఆపే ఉపాయం కూడా ఆమె దగ్గర ఒకటుంది. కాకపోతే దానికి అయిదేళ్ళ ప్రాజెక్టు కావాలి. ఏడాది కాంట్రాక్టు మనిషికి అయిదేళ్ళ ప్రాజెక్టు ఎవరిస్తారండీ? ఆమె పనిచేసే పరిశోధన కేంద్రంలో చేరి పదేళ్ళు దాటినా, ఆమె ఇంకా కాంట్రాక్టే.

పదేళ్ళా? అపచారం! కేంద్రం లెక్కలో ఆమె మొన్న జూన్‌లో చేరింది. ఏటా మే నెలాఖరుకు కాంట్రాక్టు ముగుస్తుంది. మధ్యలో ఒక్కరోజు ఆమె ఎవరో కేంద్రానికి తెలియదు. మర్నాడు కొత్తగా చేరుతుంది. దీన్నే గ్యాప్ అంటారు. గ్యాప్ లేకపోతే సర్వీసు వరసగా సాగిపోయి, పర్మనెంట్ చెయ్యమని అడిగే దుర్బుద్ధి పుట్టొచ్చు! ఒకే శరీరంతో ఏటా పునర్జన్మ ఎత్తడం యోగులకైనా సాధ్యమా?

గ్యాప్ రోజున శాంభవి లోపలికి రాకూడదు. ఆ సంగతి ఉప్పుకు తెలియదు కదా! అందుకని ఆమె గేటు బయట నిలబడి, లోపలున్న అటెండరు యేసుకుమార్‌కి ఫోన్‌లో చెబుతూ రీడింగులు తీయిస్తుంది. తరవాత కొండెక్కి దుర్గమ్మ దర్శనం చేసుకుని ఇంటికి వెళ్తుంది. ఉద్యోగికి ఇంత పుణ్యం ఇప్పించే సంస్థలు ఎన్ని ఉన్నాయి?

ఇలా ఉండగా ఒక చలిదేశం, మంచి పరిశోధకులెవరైనా వస్తే శాశ్వత నివాసం, అదే పీఆర్, ఇస్తానంది. షరతు ఒక్కటే. తాను అసాధారణమైన మనిషినని దరఖాస్తు పెట్టినవాళ్ళు రుజువు చేసుకోవాలి.

ఇక్కడే వచ్చింది చిక్కు. పొద్దున గుడిలో ప్రదక్షిణం చేస్తూ పాపిని, అజ్ఞానిని అని చెప్పుకున్న నోటితో, సాయంత్రం నా అంతటివాళ్ళు లేరని చెప్పుకోవడం ఎలా? ఎప్పుడైనా దేవుడు ఆ ఫైలూ ఈ ఫైలూ పక్కపక్కన పెట్టి చూశాడంటే?

పటమటలో వీసా కన్సల్టెంటు జాన్ పాల్, శాంభవి రాసుకొచ్చింది చదివి తల పట్టుకున్నాడు.

"ఏంటి మేడమ్ ఇది? నా వంతు చిన్న ప్రయత్నం చేశాను అంటారేంటండీ? ఇది పీఆర్ అప్లికేషనా, క్షమాపణ పత్రమా?"

"చిన్నదే కదండీ మరి."

"చిన్న ప్రయత్నానికి టూరిస్టు వీసా ఇస్తారు మేడమ్. మీరు లేకపోతే కృష్ణా డెల్టా మొత్తం ఉప్పుమడి అయ్యేదని రాయండి."

"అబద్ధం కదండీ!"

"మీరు రాస్తే అబద్ధం. మీ డైరెక్టరుగారు రాస్తే అభిప్రాయం. ఆయనతో రాయించుకురండి."

డైరెక్టరు విశ్వేశ్వర్‌గారిది పెద్ద మనసు. "నువ్వే రాసుకురామ్మా, సంతకం పెట్టేస్తా" అన్నారు. తీరా చదివాక ఇంగ్లీషు చప్పగా ఉందని స్వహస్తాలతో ఒక వాక్యం చేర్చారు. ఈమె ఒక్కరోజు రాకపోయినా మా కేంద్రం నడవదు, అని! సంతకం చేశారు. అదే పెన్నుతో, పక్కనే ఉన్న గ్యాప్ ఆర్డరు మీదా చేశారు. ఇంక్ ఆరడానికి రెండింటి మీదా ఒకేసారి ఊదారు.

చలిదేశంవాళ్ళు మరీ చాదస్తులు. పంపినవన్నీ చదువుతారట! సర్వీసు సర్టిఫికెట్లు చూసి ప్రశ్న వేశారు: 'ఈమె ఒక్కరోజు లేకపోతే నడవని కేంద్రం, ఏటా ఒక్కరోజు ఈమె లేకుండా ఎలా నడిచింది?'

జవాబు అతకకపోతే శాంభవి దరఖాస్తు చెత్తబుట్టలోకే. విశ్వేశ్వర్‌గారికి ఏసీలో చెమట పట్టింది. గ్యాప్ నిజమంటే ఉత్తరం అబద్ధం. ఉత్తరం నిజమంటే గ్యాప్ అబద్ధం. చాలాసేపు ఆలోచించాక ఆయన మొహం వెలిగింది.

"నిజం రాసేద్దామమ్మా! గ్యాప్ కాగితం మీదే, నీ పని ఒక్కరోజూ ఆగలేదు అని రాసేద్దాం."

"మీకు ఇబ్బంది అవదా సార్?"

"ఇక్కడ ఇవ్వాలంటే ఇబ్బందేననుకో. ఫారిన్ వెళ్ళేదేగా! నిజం రాస్తే మనకేం పోయింది?"

ఎంత ముందుచూపో చూశారా! మేలైన మామిడిపళ్ళు ఎగుమతి చేస్తాం, పెద్ద రొయ్యలు ఎగుమతి చేస్తాం. నిజాన్ని మాత్రం ఇక్కడే వాడుకుని పాడుచెయ్యడం దేనికి?

జవాబు అతికింది. వార్త తెలియగానే శాంభవి ఇంటికి ఫోన్ చేసి, "పర్మనెంట్ వచ్చిందత్తయ్యా!" అంది. అత్తగారు కనకలక్ష్మిగారు మిగతా మాట వినలేదు. దుర్గమ్మకు మొక్కిన కొబ్బరికాయలు కొట్టించి, అపార్టుమెంటంతా రవ్వకేసరి పంచి, కోడలి ఉద్యోగం గట్టిపడిందని గడపగడపకూ చెప్పివచ్చారు. అసలు సంగతి సాయంత్రం తెలిసింది.

"పని చేసింది ఇక్కడ, పర్మనెంట్ చేసింది వాళ్ళా? ఇదెక్కడి చోద్యమే!"

"అంతే అత్తయ్యా."

ఆవిడ కాసేపు కొండవైపు చూశారు. "అమ్మవారి తప్పు లేదులే. కోడల్ని పర్మనెంట్ చెయ్యి తల్లీ అని మొక్కానే గానీ, ఎక్కడో నేను చెప్పలేదు!"

శాంభవికి మాత్రం మనసు ఉప్పు బోర్ల దగ్గరే ఉంది. మర్నాడు, గ్యాప్ కాగితం మీదేనని రాసిన ఆ రెండో ఉత్తరం నకలు పట్టుకుని డైరెక్టరుగారి గదిలోకి వెళ్ళింది.

"సార్, ఇది పెట్టి ఇక్కడే పర్మనెంట్‌కి అడుగుతాను. ఇస్తే నేను ఎక్కడికీ వెళ్ళను."

ఆయన జాలిగా నవ్వారు. "ఎంత అమాయకురాలివమ్మా! వాళ్ళకి నువ్వెవరో తెలీదు గనక ఉత్తరం చూసి నమ్మారు. ఇక్కడ మాకు నువ్వు బాగా తెలుసు కదా!"

"అయితే రాజీనామా ఇమ్మంటారా?"

"కాంట్రాక్టువాళ్ళకి రాజీనామా ఎందుకమ్మా? ఎల్లుండి గ్యాపేగా, అలా వెళ్ళిపో."

వెళ్ళిపోయింది. శాలువా లేదు, ఉపన్యాసాలు లేవు, ఎవరి పనీ చెడలేదు. పర్మనెంట్ చెయ్యకపోవడంలో ఉన్న సుఖం ఇదేనండీ!

మొన్న నాగాయలంక నుంచి ఒక రైతు కేంద్రానికి ఫోన్ చేశాడు. యేసుకుమార్ ఎత్తాడు.

"శాంభవమ్మగారున్నారా బాబూ? బోరునీళ్ళు నాలుక్కి ఉప్పగా తగుల్తున్నాయి. నారు పొయ్యాలా వద్దా అని..."

"మేడమ్‌గారు గ్యాప్‌లో ఉన్నారండీ."

"ఓ, ఆ గ్యాపా! ఒక్కరోజేగా, రేపు చేస్తాలే."



"రేపు కూడా ఉండరండీ. ఈసారి గ్యాప్ పర్మనెంటండీ."