ఈత వచ్చినవారికే ఈత పాఠాలు

"ఈ దేశంలో ఇకమీదట ఒక్క పౌరుడు కూడా నీళ్ళలో మునగడు" అని జలక్రీడల మంత్రి దొన్ ఎవరిస్తో బ్రకమోంతె గారు ప్రకటించేశారు. రేడియోలో ఆ మాట వినగానే మా పుంతా మన్సా రేవులో చేపలు తప్ప అందరం చప్పట్లు కొట్టాం.

ఆ ప్రకటన వెనక ఎంత బుర్ర ఉందో చూడండి. నీళ్ళలో మునిగేదెవరు? ఈత రానివాళ్ళు. కాబట్టి ఇళ్ళల్లో ప్రైవేటుగా ఈత నేర్పేవాళ్ళు, ఈత వచ్చినట్టు సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకి మాత్రమే నేర్పాలని సేఫ్టీ స్టాండర్డ్స్ వచ్చాయి. ఇంత తేలిక ఉపాయం ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టకపోవడం మన దౌర్భాగ్యం.

మా పక్కింటి దోన్యా నికాసియా పెరట్లో పూల్ కట్టుకుని, ఈత నేర్పి బతుకుతోంది. సముద్రం మీదికి వేటకెళ్ళేవాళ్ళ పిల్లలంతా ఆవిడ దగ్గరే చేరతారు. ఓ రోజు తనిఖీకి ఇన్‌స్పెక్టర్ ఒవిదియో వచ్చాడు.

"మీ స్టూడెంట్లకి ఈతొచ్చా అమ్మా?"

"రాదు నాయనా. అందుకేగా వస్తున్నారు."

"అయితే మీ లైసెన్సు పోయినట్టే. సర్టిఫికెట్ లేనివాడు తడిస్తే నేరం."

"తడపకుండా ఎలా నేర్పమంటావు?"

"అది టెక్నికల్ విషయం. మీరే చూసుకోవాలి."

పాపం, ఆవిడ పూల్ ఖాళీ చేసేసింది. పిల్లలు అడుగున గచ్చు మీద బోర్లా పడుకుని కాళ్ళూ చేతులూ ఆడించారు. మోకాళ్ళు గీరుకుపోయాయి గానీ, ఒక్కడు మునిగితే ఒట్టు. ఈ విజయం విని మంత్రిగారు స్వయంగా వస్తానన్నారు. ఫొటోలో నీళ్ళు లేకపోతే బాగుండదని ఆయన మనుషులే పూల్ నింపించారు. గేటు దగ్గర వేయించిన అరటికాయ అమ్ముకుంటూ ఇదంతా నేను కళ్ళారా చూశాను.

మంత్రిగారు రిబ్బన్ కత్తిరించి, కెమెరా వైపు నవ్వుతూ ఒక్కడుగు వెనక్కి వేసి, బూట్లతో సహా నీళ్ళలో పడ్డారు.

"నాదా, నాదా" అని జనమంతా అరిచారు. మా భాషలో 'ఈదు' అన్నా, 'ఈదుతాడు' అన్నా, 'ఏమీ లేదు' అన్నా అదే మాట. మంత్రిగారు చివరిది తీసుకున్నారు. ఏమీ లేదులెండి అని ప్రజలు ధైర్యం చెబుతున్నారనుకుని, చెయ్యెత్తి ఊపుతూ మునిగిపోయారు.

నికాసియా చెప్పులు విడిచింది. ఇన్‌స్పెక్టర్ అడ్డం నిలబడ్డాడు.

"ఆయనకి సర్టిఫికెట్ లేదు. మీరు ముట్టుకుంటే పాఠం కింద లెక్క. లైసెన్సు గల్లంతు."

"మరి పోతే?"

"పోతే ప్రమాదం. అది వేరే డిపార్ట్‌మెంటు."

ఆవిడ అతన్ని ఓ తోపు తోసి దూకింది. మంత్రిగారిని కాలర్ పట్టి గట్టుకి లాగింది.

మర్నాడు ఎంక్వైరీ. మంత్రిగారు మునిగారని రాస్తే ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం ఊడుతుంది. పాపం చెమటలు కక్కుతున్నాడు.

"ఒక్క మాటలో చెప్పండమ్మా, మీ లైసెన్సు దాని మీదే ఉంది. మంత్రిగారు నీళ్ళలో ఏం చేస్తారు?"

నికాసియా మంత్రిగారిని ఎగాదిగా చూసింది.

"నాదా."

'ఈదుతారు' అని ఇన్‌స్పెక్టర్ ఆనందంగా రాసుకున్నాడు. ఈత వచ్చినవాణ్ణి ముట్టుకుంటే తప్పులేదు కాబట్టి నికాసియాకి లైసెన్సు ఉంచారు, దేశంలో మొట్టమొదటి ఈత సర్టిఫికెట్ మంత్రిగారికిచ్చారు. ఫొటో అయిపోయింది కనక పూల్లో నీళ్ళు తోడేశారు. పిల్లలు మళ్ళీ గచ్చు మీదే ఈదుతున్నారు.

ఆ సాయంత్రం పేపర్లో 'మన మంత్రి నాదా' అని ఇంతింత అక్షరాలతో వేశారు. మంత్రిగారు దాన్ని ఫ్రేము కట్టించి ఆఫీసులో తన కుర్చీ వెనక తగిలించుకున్నారు. పనుల మీద వెళ్ళినవాళ్ళంతా అది చదివి, అక్షరాలా నిజమండీ అని దణ్ణం పెట్టి వస్తున్నారు.