నీళ్ళ అడుగున సున్నా

పగడపు దిబ్బల మధ్య తిరిగే చేపలను కళ్ళారా చూడాలన్నది లెక్కల మాస్టారి భార్య కోరిక. దానికోసం మోకాళ్ళ నొప్పులతోనే ఈ వయసులో ఈత నేర్చుకుంది. మాస్టారికి నీళ్ళంటే బకెట్లో ఉన్నంతవరకే ఇష్టం. అయినా ఎండ ముదరకముందే చేపల్ని పలకరించి వచ్చేద్దామని, ఆ పొద్దున ఆమెతో పడవెక్కారు.

పడవలో గైడు నీటి అడుగున చేయాల్సిన సైగలు చెబుతున్నాడు. మాస్టారు రబ్బరు సూటుతో కుస్తీ పడుతున్నారు. తొడల దాకా మర్యాదగా వచ్చిన సూటు బొజ్జ దగ్గర మొండికేసింది.

"వింటున్నారా?" అంది భార్య.

"సైగలు నాకొకరు నేర్పాలా? పరీక్ష హాలంతా కంటిచూపుతో నడిపించినవాణ్ణి!" అన్నారు మాస్టారు ఆయాసపడుతూ.

వీపున గాలి సిలిండర్లు, నోట్లో గొట్టాలతో ముగ్గురూ దిగారు. కొమ్మలు కొమ్మలుగా పగడాలు. వాటి సందుల్లోంచి పసుపు చారల చేపలు బడి వదిలిన పిల్లల్లా బిలబిలమంటూ వచ్చాయి. మాస్టారికి భయం పోయి హాయిగా అనిపించింది. అంతలో గైడు ఆయన భార్య వైపు తిరిగి, బొటనవేలూ చూపుడువేలూ గుండ్రంగా కలిపి చూపించాడు. 'బాగున్నారా?' అని అడగడం అది. ఆమె కూడా 'బాగున్నాను' అని అలాగే చూపించింది. లెక్కల మాస్టారికి మాత్రం గుండ్రంగా ఉన్నదేదైనా సున్నాయే.

'ఈవిడకి గాలి సున్నా!' అనుకున్నారు మాస్టారు. వెంటనే ఆమె నోట్లోని గొట్టం లాగేసి, తన నోట్లోది పీకి ఆమె నోట్లో కుక్కారు. ఆమె ఆయన చేతిమీద ఒక్కటేసింది. ఊపిరాడక కొట్టుకుంటోందనుకుని ఇంకా గట్టిగా కుక్కారు. గైడు ఎలాగో ఇద్దరి గొట్టాలూ సర్ది, రెక్కలు పట్టుకుని పైకి తెచ్చాడు.

తేలీ తేలకముందే మాస్టారు కేకలు. "మా ఆవిడకి గాలి అయిపోయింది!"

పడవవాడు కంగారులో విసిరిన ఈత ట్యూబు గైడు నెత్తిన పడింది. పక్క పడవలోని నర్సమ్మ ఆక్సిజన్ పట్టుకుని వచ్చేసింది.

"నాకేం కాలేదమ్మా!" అంది భార్య.

"అందరూ అలాగే అంటారు" అంటూ నర్సమ్మ ఆమె ముక్కుకు మాస్కు బిగించింది.

గైడు నెత్తి తడుముకుంటూ ఆ సైగ అర్థం విప్పి చెప్పాడు. తర్వాత ఇద్దరి గాలి మీటర్లూ చూశాడు. "మేడం గాలి ఇంకా బోలెడుంది. అయిపోవచ్చింది మీదే సార్, కంగారులో పీల్చేశారు. మీరిక్కడే కూర్చోండి."

భార్య మాస్కు తీసేసి, మాస్టారి వంక ఒక్క చూపు చూసి గైడుతో మళ్ళీ దిగిపోయింది. ఆమె ఆశపడిన ఒక్క ముచ్చటా పాడుచేశానే అని మాస్టారికి ఏడుపొచ్చినంత పనైంది. పైకి తేలే బుడగలనే చూస్తూ కూర్చున్నారు.

చాలాసేపటికి వచ్చిందామె. ముఖం వెలిగిపోతోంది. చిలుకముక్కు చేపలు పగడాల్ని కొరుకుతుంటే కరకరమని వినబడిందట. అదంతా గుక్కతిప్పుకోకుండా చెప్పి, ఉన్నట్టుండి ఆగింది.

"అవునుగానీ, మీ గొట్టం నా నోట్లో పెట్టేశారే, మరి మీరేం పీలుద్దామనుకున్నారు?"

మాస్టారు లెక్కపెట్టడానికి వేళ్ళు మడవబోయి ఆగారు.

"ఆ లెక్క వెయ్యలేదే" అన్నారు.