రెండో లింకు

ఆ గురువారం చైతన్య తెల్లారకముందే సంచి సర్దుకున్నాడు. సాయంత్రం కాకినాడలో రైలెక్కి, మర్నాడు పుదుచ్చేరిలో భార్య ముందు చెప్పాపెట్టకుండా నిలబడాలని అతని పథకం. యానాం పుదుచ్చేరి పాలనలోది; ఇక్కడ సర్కారు ఉద్యోగమంటే ఎప్పుడో ఒకసారి అక్కడికి బదిలీ తప్పదు. దుర్గాశ్రీకి అది పెళ్ళయిన కొత్తలోనే తప్పలేదు. ఇప్పటికీ అతను ఇద్దరికి సరిపడా అన్నం వండేసి, మిగిలింది రాత్రికి తింటున్నాడు. ఆమెను చూడాలని మనసు పీకేస్తోంది. ఆమెకిష్టమైన ఎండు రొయ్యల పొడి సంచిలో పెట్టుకుని ఆఫీసుకు వచ్చాడు.

ఆఫీసులో నెట్‌వర్క్ చూడటం అతని పని. పాత భవనానికీ కొత్త భవనానికీ మధ్య రెండు కేబుళ్ళున్నాయి; ఆఫీసులో వాటిని లింకులంటారు. రెంటినీ జతకట్టి ఒకే దారిలా వాడతారు. రెండూ ఒకే వేగంతో నడిచినంతసేపే ఆ జత. ఆ ఉదయం ఒకటి నెమ్మదించింది. కేబుళ్ళను కలిపే స్విచ్ పెట్టె దాన్ని జతలోంచి గెంటేసింది, జాలిపడి చేర్చుకుంది, మళ్ళీ గెంటింది. గెంటినప్పుడల్లా కొత్త భవనంలో కంప్యూటర్లన్నీ కొయ్యబారిపోయాయి.

"లింకు బాగయ్యేదాకా సెలవు మాట ఎత్తకండి," అన్నారు ఆఫీసరు వెంకటరాజుగారు.

చైతన్య స్విచ్చుల గదిలో దూరి పైవాళ్ళకు ఫోన్ చేశాడు. "అవునండి, నాకు రెండు లింకులండి. కొత్తది సుబ్బరంగా ఉంది. పాతదే తెగ ఏడిపిస్తందండి. వదిలించేసుకుందామంటే రాజుగారు ఒప్పుకోట్లేదండి."

తలుపు బయట చీపురు ఆగిపోయింది. ఊడుస్తున్న అటెండరు బుల్లెమ్మ దుర్గాశ్రీకి స్వయానా పిన్ని. ఆవిడకు తెలిసి, పెళ్ళయిన మగాడికి లింకు ఉందంటే ఒకటే అర్థం. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పుదుచ్చేరికి ఫోన్ కలిపింది.

"అమ్మాయ్, మీ ఆయనకి ఇక్కడ రెండు లింకులంట! పాతది ఏడిపిస్తందంట, వదిలించుకోవద్దని రాజుగారు కూడా సర్దిచెబుతున్నారంట!"

కాసేపటికి చైతన్య ఫోన్ మోగింది.

"మీకు రెండు లింకులంట కదా?" అంది దుర్గాశ్రీ.

చైతన్య పొంగిపోయాడు. ఆమె తన పని గురించి అడగడం అదే మొదటిసారి. "అవును. నీకెవరు చెప్పారు?"

"ఎప్పట్నించండీ?"

"నువ్వెళ్ళిన నెల్లోనే. ఒక్కదాంతో సరిపోట్లేదని రెండోది తెచ్చుకున్నాను."

"ఎంత ధైర్యమండీ మీకు!"

"ధైర్యమేముంది? ఆఫీసుల్లో అందరికీ ఉండేవే కదా."

ఫోన్ కట్టయింది. సిగ్నల్ పోయిందనుకున్నాడు పాపం.

కేబుల్ మార్చాడు. తెర మీద ఎర్రర్లు ఆగలేదు. అవతలి భవనానికి పరుగెత్తి అక్కడి స్విచ్‌లో కేబుల్ దూర్చే కన్నం, అదే పోర్టు, మార్చి చూశాడు. ఎర్రర్లు పెరుగుతూనే ఉన్నాయి. ఈలోగా గదిలో వదిలిన సంచిలోంచి రొయ్యల పొడి వాసన మేడంతా పాకింది. రాజుగారు ఎక్కడో ఎలుక చచ్చిందని తేల్చి, కరెంటు ఆపించి గది వెతికించారు. దాంతో ఆ మిగిలిన ఒక్క లింకూ పోయింది. అన్నీ మళ్ళీ లేచేసరికి కాకినాడలో రైలు వెళ్ళిపోయింది. చైతన్యకు ఏడుపొక్కటే తక్కువ.

చివరికి టార్చి వేసి చూస్తే, స్విచ్ పోర్టులో తడి తళుక్కుమంది.

"ఇక్కడ నీళ్ళెక్కడివండీ, అత్తా?" అని తలుపు దగ్గరున్న బుల్లెమ్మను అడిగాడు.

ఆవిడ మొహం పక్కకు తిప్పుకునే జవాబిచ్చింది. "ఆయ్, నేనేనండి. అమ్మాయి ఇక్కడ లేదు, అల్లుడి గదైనా మెరవాలని రోజూ తడిగుడ్డెట్టి తుడుత్తున్నానండి."

చైతన్య కేబుల్ పీకి పక్కనున్న ఖాళీ పోర్టులో పెట్టాడు. జత కలిసింది. ఇన్ని వందల మైళ్ళ అవతల ఉన్న తన జతకు మాత్రం ఏ పోర్టూ లేదని అతనికి దిగులేసింది.

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసు ముందు ఆటో ఆగింది. పెట్టెతో దుర్గాశ్రీ దిగింది. ప్రయాణపు బడలిక, ఎర్రబడిన కళ్ళు.

"ఏదండీ ఆ పాత లింకు? నాకు చూపించండి!"

చైతన్య తెల్లబోయి ఆమెను గదిలోకి తీసుకెళ్ళి, స్విచ్‌లో ఆ చిన్న కన్నం చూపించాడు. "అదిగో. నీళ్ళు దిగి చచ్చింది."

ఆమె కన్నం వైపు చూసింది, అతని వైపు చూసింది, తలుపు దగ్గర చల్లగా జారుకుంటున్న పిన్ని వైపు చూసింది. తర్వాత అతని చొక్కా పట్టుకుని, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా నిలబడిపోయింది.

"నిన్న నాకు రైలు దొరికుంటే, నేనక్కడ, నువ్విక్కడ ఉండేవాళ్ళం," అన్నాడు చైతన్య, సంచి చూపిస్తూ.

ఆమెకు సెలవున్నన్నాళ్ళూ వండిన అన్నం పూటకాపూటే అయిపోయింది. ఆమె వెళ్ళాక మళ్ళీ మిగలడం మొదలైంది.

వచ్చే నెల సెలవు కుదరదన్నారు రాజుగారు. చైతన్య బుల్లెమ్మను పిలిచి, స్విచ్చుల గదిలో దుమ్ము బాగా పేరుకుంది, తడిగుడ్డే పెట్టమన్నాడు.