ట్రయల్‌లో ఉన్న బండి

ఉదయం ఏడింటికి కిందికి దిగి ఒక గంట సముద్రం చూడటం, ఎనిమిదిన్నరకి ఇడ్లీ తినడం, పదింటికి ఆటో ఎక్కి కూర్మన్నపాలెంలో ఇంటికి పోవడం. తవిటయ్య దంపతుల మూడో రోజు కార్యక్రమం ఇది. ఆటో ఒక్కటి తప్పిస్తే మొదటి రోజు కార్యక్రమమూ, రెండో రోజు కార్యక్రమమూ కూడా ఇదే. ఆ రెండు రోజులూ జరిగింది మాత్రం ఇడ్లీ ఒక్కటే.

తవిటయ్య ఉక్కు కర్మాగారంలో ముప్పై నాలుగేళ్లు క్రేన్ నడిపి రిటైరైన మనిషి. అన్నేళ్లు విశాఖలోనే ఉన్నా భార్య దేముడమ్మకి సముద్రం చూపించింది ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడే. అప్పుడైనా చుట్టాల పిల్లలు నీళ్లలోకి పోకుండా కాపలా కాయడంతోనే ఆవిడకి సరిపోయేది. "ఈ ఆదోరం మనిద్దరమే ఎల్దాం" అనేవాడు తవిటయ్య. ఆదివారాలు వచ్చేవి, వాటితో పాటే డ్యూటీలూ వచ్చేవి. డ్యూటీలు అయిపోయేసరికి మోకాళ్లు కూడా అయిపోయాయి. ఇప్పుడు ఇంట్లో హాలు నుంచి పెరటికి వెళ్లాలన్నా మధ్యలో ఒకసారి కూర్చుని మూలగాలి.

చివరికి హైదరాబాదులో ఉద్యోగం చేసే కూతురు అలేఖ్య పూనుకుని, రుషికొండ మీద ఒక గెస్ట్‌హౌస్‌లో మూడు రోజులకి గది తీసింది. "మీకోసం బండి కూడా మాట్లాడేను నాన్నా. గదికే తెచ్చి ఇస్తారు. మొహమాటపడకండి" అని ఫోన్లో చెప్పింది. బండి అంటే కారనుకున్నాడు తవిటయ్య. తీరా వచ్చింది నాలుగు చిన్న చక్రాలు, వాటి మీద ఒక కుర్చీ, ముందు ఒక బుట్ట. నడవలేనివాళ్లు కూర్చుని వెళ్లే బ్యాటరీ బండి. హ్యాండిల్ మీద ఒక పక్క తాబేలు బొమ్మ, ఇంకో పక్క కుందేలు బొమ్మ ఉన్నాయి. తాబేలు వైపు తిప్పితే నెమ్మదిగానూ, కుందేలు వైపు తిప్పితే అంతకన్నా కొంచెం తక్కువ నెమ్మదిగానూ వెళుతుంది. దాన్ని చూడగానే తవిటయ్య ప్రాణం ఉసూరుమంది. గదిలో ఒక మూలకి తోయించి, పైన దుప్పటి కప్పించాడు.

"ఇదెక్కి ఊరేగితే ఎవులైనా సూస్తే ఏటనుకుంటారు?" అన్నాడు.

"మోకాళ్లు పోనాయనుకుంటారు. పోనాయి గదా" అంది దేముడమ్మ. "ముప్పై నాలుగేళ్లు కుర్సీలో కూకుని మీటలు నొక్కినోడివి. ఇప్పుడు కొత్తగా ఏటి సిగ్గు?"

"అది క్రేను. నూట యాభై టన్నులు మోసీది."

"ఇది నిన్ను మోస్తాది. ఎక్కు."

ఎక్కలేదు. రెండు రోజులు టీవీ చూశాడు. అతన్ని వదిలి వెళ్లలేక దేముడమ్మా అదే టీవీ చూసింది. సముద్రం కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. అద్దం తుడిచి ఉంటే ఇంకాస్త బాగా కనిపించేది.

మూడో రోజు పొద్దున్న దేముడమ్మ తల దువ్వుకుని చెప్పులు వేసుకుంది. "నాను ఎల్తన్నాను. నువ్వొస్తే రా. రాకపోతే మరి నా కాడ సముద్రం ఊసెత్తకు. నాను కూడా ఇంక అడగను మావ" అంది. కోపంగా అన్నా బాగుండేది. అలిసిపోయినట్టు అంది. ఇన్నేళ్లుగా అడుగుతూ వచ్చిన మనిషి ఇక అడగనంది. తవిటయ్య కాసేపు టీవీ వైపు చూశాడు గానీ అందులో ఏమొస్తోందో తెలియలేదు. పదింటికి ఆటో వచ్చేస్తుంది. ఆలోగా ఆవిడ పక్కన నిలబడకపోతే ఈ జన్మకి ఇంక నిలబడేది లేదని అతనికి తెలిసిపోయింది.

అరగంట తటపటాయించి దుప్పటి లాగాడు. ఎవరూ గుర్తుపట్టకుండా మొహానికి మాస్కు పెట్టుకున్నాడు, తలకి తువ్వాలు చుట్టుకున్నాడు, బండిని తాబేలు మీద పెట్టి వాలు దిగడం మొదలుపెట్టాడు.

మొదటి మలుపులోనే ఒక బస్సు ఆగి ఉంది. అది కార్తీక మాసం. విశాఖలో ఆ నెలంతా ఏ సరుగుడు తోటలో చూసినా పిక్నిక్కే. బస్సుకి కట్టిన బ్యానర్ మీద ‘ఉక్కు విశ్రాంత ఉద్యోగుల వనభోజనాలు’ అని రాసి ఉంది. తవిటయ్య బండి తిప్పేలోపే తోటలోంచి ఒక గొంతు వినిపించింది.

"ఆ తువ్వాలు మన తవిటయ్య బావది కాదేటి?"

ఆ గొంతు ఎల్లాజీది. క్రేన్ల మెయింటెనెన్స్‌లో పని చేశాడు, ఇరవై ఏళ్లు ఇతనితో ఒకే షిఫ్టు. క్యాబిన్‌లో వేడి తట్టుకోలేక తవిటయ్య ఆ ఇరవై ఏళ్లూ తువ్వాలు ఇలాగే చుట్టేవాడు. ఈ సంగతి ఇప్పుడు గుర్తొచ్చి లాభం లేకపోయింది. పాతికమంది పాత స్నేహితులు బండి చుట్టూ మూగారు.

"ఏటైంది బావ నీకు? ఏటీ బండి?"

"నాకేటైంది? ఏటీ అవ్వనేదు" అన్నాడు తవిటయ్య. "ట్రయల్ సూత్తన్నాను."

కర్మాగారంలో రిపేరైన ఏ మిషనూ ట్రయల్ చూడకుండా డ్యూటీ ఎక్కదు. ట్రయల్‌లో అది మూలిగినా, ఆగిపోయినా ఎవరి పరువూ పోదు. అందుకే ఆ మాట నోటికి వచ్చేసింది. ఇంకెవరి దగ్గరైనా చెల్లిపోయేదే. మెయింటెనెన్స్ వాళ్ల ముందు ట్రయల్ అనడం మాత్రం పిల్లి ముందు ఎండుచేపలు ఆరబెట్టడమే.

"ఎవుల బండి?" అన్నాడు ఎల్లాజీ.

"అమ్మాయికి తెలిసిన కంపెనీవోళ్లది. బాగున్నాదో నేదో సూసి సెప్పమన్నారు."

"లోడ్ టెస్ట్ అయ్యిందా?"

"అవ్వనేదు."

ఎల్లాజీ మొహం గంభీరంగా మారింది. "లోడ్ టెస్ట్ అవ్వకుండా మనిషిని ఎలాగెక్కించినారు? దిగు బావ. దిగు ముందు."

దిగలేనని చెప్పాలంటే ఎందుకు దిగలేడో చెప్పాలి. తవిటయ్య దిగాడు. రోడ్డు పక్క ఇనుప కమ్మీ పట్టుకుని, సరదాగా ఆనుకున్నవాడిలా నిలబడ్డాడు.

ఆ తర్వాత ఎవరూ అతన్ని ఏమీ అడగలేదు. రిటైరై పదేళ్లుగా పరీక్షించడానికి మిషను దొరకని మనుషులు వాళ్లు. సీటు కింద ‘నూట ఇరవై కిలోలు’ అని రాసి ఉందని ఒకాయన కళ్లజోడు పెట్టుకుని చదివాడు. దాని మీద ఇరవై అయిదు శాతం ఎక్కువ వేసి చూడాలి కాబట్టి నూట యాభై అని ఇంకొకాయన తేల్చాడు. ముందు ఖాళీగా నడిపారు. తర్వాత ఎల్లాజీ ఎక్కాడు. అతని బరువు ఎనభై దాటదని అభ్యంతరం వచ్చింది. ఒళ్లో పులిహోర గుండిగ పెట్టారు. గుండిగ బరువు మీద పది నిమిషాలు వాదించుకుని, ఏదైనా తక్కువైతే సరిపోతుందని ముందు బుట్టలో పెరుగు క్యాన్ కూడా పెట్టారు.

ఈలోగా కింద నుంచి చేపల తట్టతో వస్తున్న పోతమ్మ అనే ఆవిడ ఆగింది. "ఏటి బాబూ ఇది? నా తట్ట పడతాదేటి ఇందులోన?" అని అడిగింది. పడుతుందని ఎవరో అన్నారు. "అయితే నా పేరు కూడా రాయండి" అంది. పేర్లు రాస్తున్నారన్న మాట అప్పుడు పుట్టింది. వనభోజనాల్లో ఆడటానికి తెచ్చిన తంబోలా టికెట్ల వెనక నిజంగానే రాయడం మొదలుపెట్టారు. కంపెనీవాళ్లు ఉచితంగా ట్రయల్ ఇస్తున్నారని అటుగా పోయేవాళ్లు కూడా వచ్చి వరసలో నిలబడ్డారు. తవిటయ్యకి కాళ్లు వణకడం మొదలైంది. వాచీ చూశాడు. ఎనిమిదీ నలభై. ‘అది అక్కడ ఒక్కర్తీ కూకున్నాది’ అనుకున్నాడు.

నూట యాభై కిలోలతో బండి ఎత్తు ఎక్కుతూ ఎక్కుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది. బరువెక్కువై కరెంటు దానంతటదే ఆగి, ఎర్ర లైటు వెలిగింది.

"ట్రిప్పైపోయింది" అన్నాడు ఎల్లాజీ సంతృప్తిగా. గుండిగ అందించి దిగి, తాళం తీసి జేబులో వేసుకున్నాడు. పాడైన మిషనుకి కట్టినట్టు ఎవరో హ్యాండిల్‌కి ఎర్ర రిబ్బను కట్టేశారు. "ఇంక దీన్ని ఎవులూ ముట్టుకోకూడదు. బావ, కంపెనీవోళ్లకి రిపోర్ట్ రాసీద్దాం. నీ రిమార్కు ఏటో సెప్పు." ఎల్లాజీ ఒక టికెట్టు తిరగేసి పెన్ను పట్టుకున్నాడు.

తవిటయ్య రెండు చేతులతోనూ కమ్మీ పట్టుకున్నాడు. ఇంకొక్క నిమిషం నిలబడే ఓపిక లేదు. ఇంకొక్క అబద్ధం ఆడే ఓపిక అసలే లేదు.

"రాయి" అన్నాడు. "కంపెనీ నేదు, ట్రయల్ నేదు. ఈ బండి నా కోసమే తెప్పించినారు. నాను నడవలేకపోతన్నాను. ఇంట్లో పెరటికి కూడా ఎల్లలేను. సిగ్గేసి రెండ్రోజులు గదిలోనే కూకున్నాను. కిందన దేముడమ్మ నా కోసం ఒక్కర్తీ సూత్తన్నాది. ఆ తాళం ఇచ్చీయ్."

ఎల్లాజీ అలవాటు కొద్దీ చివరి దాకా రాసేశాడు. రాసింది చదువుకున్నాక పెన్ను మూత పెట్టాడు.

"మరి ఇన్ని టెస్టులు ఎందుకు సేయించినావు బావ?"

"నాను సేయించినానా?"

ఎవరూ నవ్వలేదు. ఎల్లాజీ బస్సు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఆ బస్సులోన మనోళ్లు అయిదుగురున్నారు. పొద్దుట్నించి దిగనేదు. టిఫిన్లు కిటికీలోంచే అందించినాం. ఎందుకు దిగలేదంటే ఎండ అంటన్నారు. కార్తీక మాసంలో ఏటెండ? నువ్వు ముందే సెప్పుంటే ఈ బండి ఆళ్లకి సూపించీవోళ్లం." తాళం తిరిగి పెట్టి, కుర్చీ కింద మీట నొక్కి కరెంటు రప్పించి, రిబ్బను విప్పేశాడు. తవిటయ్యని ఇద్దరు చెయ్యిపట్టి కూర్చోబెట్టారు. బ్రేకుల మీద ఇంకా నమ్మకం కుదరలేదని చెప్పి ఆరుగురు వెనకే నడిచారు. పేరు రాయించుకున్న పోతమ్మ కూడా తట్టతో వాళ్ల వెంట వచ్చింది. ఒక్కరి కంట పడకుండా వెళదామని బయల్దేరిన మనిషి ఊరేగింపుగా వాలు దిగాడు.

దేముడమ్మ నీళ్ల దగ్గర లేదు. వాలు చివర, సముద్రానికి ఇంకా బోలెడు దూరం ఉండగానే, ఒక సిమెంటు బల్ల మీద కూర్చుని ఉంది. చెప్పులు విప్పేసి మోకాళ్లు రుద్దుకుంటోంది.

"నీళ్ల కాడికి ఎల్లనేదా?" అన్నాడు తవిటయ్య.

"ఎలాగెల్తాను? ఇక్కడికొచ్చీసరికే కాళ్లు పట్టీసినాయి. ముందుకి ఎల్లలేను, ఎనక్కి రాలేను."

"నీకూ మోకాళ్లేనా? ఎప్పుడూ సెప్పనేదేటి?"

"ఎప్పుడు సెప్పాల? ఇంట్లోన మూలిగే పనంతా నువ్వే సేసీతన్నావు. నాకు సందిచ్చినావా?" అంది దేముడమ్మ. తర్వాత తల దించుకుంది. "అమ్మాయికి సెప్పినాను. అది నాకోసమే ఈ బండి మాట్లాడినాది. మొదట నువ్వు కూకుంటే, తరవాత నాను కూకుందునని సూసినాను. నాకూ సిగ్గే మావ."

"నాకోసమని కదా ఫోన్లో సెప్పినాది?"

"మీకోసం అన్నాది. నిన్ను అదెప్పుడైనా మీరు అన్నాదేటి?"

తవిటయ్య ఆలోచించాడు. పుట్టి ముప్పై ఏళ్లలో అలేఖ్య తండ్రిని నువ్వు అనే పిలిచింది. ఆ రోజు మీరు అంటే, హైదరాబాదు వెళ్లాక పిల్లకి మర్యాద పట్టుబడిందనుకుని లోలోపల మురిసిపోయాడు కూడా. ఇద్దర్నీ కలిపి అందని అతనికి తట్టనే లేదు. రెండు రోజులు దుప్పటి కప్పింది బండికి కాదు, ఆవిడకి. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. తువ్వాలు విప్పి తుడుచుకున్నాడు.

"ఎక్కు" అన్నాడు, కుర్చీలోంచి దిగుతూ.

"అంతమంది సూత్తన్నారు."

"సూసీసినారు. ఎక్కు."

ఆవిడ ఎక్కింది. అతను కుర్చీ చెయ్యి పట్టుకుని పక్కన నడిచాడు. ఇరవై అడుగులకి అతని మోకాళ్లు ఆగిపోయాయి. ఆవిడ దిగి అతన్ని కూర్చోబెట్టింది. ఇంకో ఇరవై అడుగులకి ఆవిడవి ఆగాయి. పెళ్లయిన ఇన్నేళ్లకి ఆ దంపతులు కలిసి సముద్రానికి వెళ్లారు, వంతులేసుకుని.